కర్ర మీద అంకె

మా ఆయన్ని ఊరంతా నెత్తిన పెట్టుకున్నది ఒక్కసారే. అదీ ఆయన చెయ్యని తప్పుకి.

మాది ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య ఉన్న క్రెస్ట్‌వెల్. ఊరికి ఒక కాలేజీ, కాలేజీకి ఒక ఫుట్‌బాల్ జట్టు. ఫుట్‌బాల్ అంటే మా దేశపు ఫుట్‌బాల్, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో ఇరికించుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడటం. పెళ్ళైన దగ్గర్నుంచీ చూస్తున్నా నాకు అందులో సగం ఇప్పటికీ అర్థం కాదు. అర్థమైన సగం ఇది. బంతి చేతిలో ఉన్న జట్టు పది గజాలు ముందుకి వెళ్ళాలి, లేదా అవతలి గీత దాటాలి. అందుకు నాలుగు ప్రయత్నాలు. నాలుగింట్లో చేతకాకపోతే బంతి ఎదుటివాళ్ళకి ఇచ్చెయ్యాలి. నడుస్తున్నది ఎన్నో ప్రయత్నమో అందరికీ కనపడాలి కాబట్టి, మైదానం అంచున ఒక మనిషి పొడవాటి కర్ర పట్టుకుని నిలబడతాడు. కర్ర కొసన అంకె తిరుగుతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ కర్ర మనిషి మా ఆయన, లోవెల్ డెటర్.

జీతం లేదు. ఒక తెల్లచొక్కా, విరామంలో ఒక హాట్‌డాగ్, అంతే. కర్ర పట్టేవాళ్ళకీ, పది గజాల గొలుసు పట్టేవాళ్ళకీ ఒక నియమం ఉంది. గీత పక్కన నిలబడ్డంతసేపు వాళ్ళు ఏ జట్టు మనుషులూ కారు. చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, ఆటగాళ్ళతో మాట్లాడకూడదు, రిఫరీ చెప్పింది చెయ్యాలి. మా ఆయనకి ఈ నియమం కొత్తగా నేర్పక్కర్లేకపోయింది. ఇంట్లోనూ నోట్లో నాలుక లేని మనిషే.

మా ఒక్కగానొక్క కొడుకు గ్లెన్ అదే కాలేజీ జట్టులో చేరాడు. బంతి పట్టుకుని తల వంచి గుంపులోకి దూరిపోవడం వాడి పని. నాలుగేళ్ళు వాడు తండ్రి కళ్ళముందే పరుగెత్తాడు, పడ్డాడు, లేచాడు. మొదటి ఏడు వాడు మొట్టమొదటిసారి గీత దాటినప్పుడు స్టేడియం అంతా లేచి నిలబడితే, వాడు తలెత్తి ముందు చూసింది తండ్రి వైపు. ఆయన అంకె తిప్పుకుంటున్నాడు.

"కనీసం తల ఊపలేకపోయావా?" అని ఆ సాయంత్రం దులిపేశాను.

"కర్ర పట్టుకున్నవాడు ఊపకూడదు ఆర్లీన్."

"ఇంటికొచ్చాక ఊపొచ్చుగా. ఇక్కడ నీ చేతిలో కర్ర లేదుగా!"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. గ్లెన్ పక్కగదిలోంచి అంతా విన్నాడు. వాడూ ఏమీ అనలేదు. అనకపోవడం వాడికి తండ్రి పోలికే.

లోవెల్ అసలు ఉద్యోగం రైతుల సహకార సంఘం గోదాములో కాటా. శరదృతువు వచ్చిందంటే మొక్కజొన్న లారీలు రోడ్డు మీద బారులు తీరతాయి. నిండు లారీ ఒకసారి తూచి, ఖాళీ లారీ ఒకసారి తూచి, తేడా రాసివ్వడం ఆయన పని. ఏ రైతూ లారీ దిగి కాటా ముల్లు చూసేవాడు కాదు. స్టీరింగ్ మీంచి ఒక వేలెత్తి పలకరించడం, చీటీ జేబులో కుక్కుకుని వెళ్ళిపోవడం. ఇరవయ్యేళ్ళు ఆ వేలే ఆయనకి మెడల్. నేనే ఎప్పుడైనా కసురుకునేదాన్ని, వేలు కూడుపెడుతుందా అని. కానీ ఆ లారీల మధ్య నడిచి వెళ్ళినప్పుడు నాకూ గర్వంగానే ఉండేది.

గ్లెన్ ఆఖరి ఏడాది ఎవరూ అనుకోనిది జరిగింది. జట్టు గెలవడం మొదలెట్టింది. మొదటి ఆట గెలిస్తే అదృష్టం అన్నారు. మూడోది గెలిస్తే కోచ్ బ్రాండిస్‌కి ఎవరో పందిని బహుమతిగా పంపారు. అక్టోబరు వచ్చేసరికి గోదాము దగ్గర లారీ కిటికీల్లోంచి ధాన్యం ధర బదులు ఆట కబుర్లు వినిపించేవి. ఊళ్ళో క్షౌరశాల ఎర్ల్‌ది. గొలుసు ఒక కొస పట్టేదీ అతనే, మా ఆయనకి చిన్నప్పటి నేస్తం. కత్తెర పట్టుకుని వచ్చినవాడికల్లా ప్రపంచ యుద్ధం తర్వాత ఇన్నాళ్ళకి మళ్ళీ ఛాంపియన్‌షిప్ మన ఊరికే అని జోస్యం చెప్పేవాడు.

నవంబరు మధ్యలో యాష్‌బీ కాలేజీ మా ఊరు వచ్చింది. ఆ ఏడు వాళ్ళూ ఓడలేదు, మేమూ ఓడలేదు. దాని తర్వాత మాకు ఇంకొక్క ఆటే మిగిలింది, అదీ అన్నిటికన్నా బలహీనమైన జట్టుతో. అంటే ఆ రోజు గెలిస్తే టైటిల్ దాదాపు ఇంటికొచ్చినట్టే.

చలి ఎముకలు కొరుకుతోంది. పక్కింటి వెర్లా, నేనూ ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. ఇంకో నిమిషం కూడా లేదు, నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. బంతి మా చేతిలో ఉంది, గీత మూడు గజాల దూరంలో. దాటితే గెలుపు.

మొదటి ప్రయత్నంలో గ్లెన్ గుంపులోకి దూరాడు. ఒక గజం. రెండోదీ గ్లెనే. అంగుళం కదల్లేదు. లోవెల్ కర్ర మీద మూడు తిరిగింది. మా కోచ్ విరామం అడిగాడు. అంతా నీళ్ళు తాగుతుంటే గీత పక్కనుండే రిఫరీ లోవెల్ దగ్గరికి వచ్చాడు. దూరం నుంచి నాకు కనపడింది ఇంతే. మా ఆయన పెదవులు ఒకసారి కదిలాయి. రిఫరీ వేలు గాల్లో వెనక్కి తిప్పాడు. కర్ర మీద మూడు పోయి మళ్ళీ రెండు వచ్చింది.

"అదేంటి? మూడు కదా?" అంది వెర్లా.

"రిఫరీకి తెలీదా ఏంటి?" అన్నాను నేను.

తర్వాత రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ యాష్‌బీ గోడ కదల్లేదు. వాళ్ళ పిల్లలు శిరస్త్రాణాలు గాల్లోకి ఎగరేసి ఒకళ్ళనొకళ్ళు కావలించుకున్నారు. రిఫరీలు ఈల ఊది వాళ్ళని వెనక్కి పిలిచారు. యాష్‌బీ కోచ్ మైదానంలోకి వచ్చి నాలుగు వేళ్ళు చూపిస్తూ అరిచాడు. పెద్ద రిఫరీ మాట్లాడకుండా చెయ్యి చాపి మా ఆయన కర్ర చూపించాడు. కర్ర మీద అప్పుడే నాలుగు తిరిగింది. స్కోరుబోర్డు మీదా నాలుగే, ఎందుకంటే ఆ బోర్డు తిప్పే మనిషి కర్ర చూసే తిప్పుతాడు.

అప్పుడు గ్లెన్ గుంపు మీంచి ఎగిరి అవతల పడ్డాడు.

జనం గోల్ స్తంభాలు పీకేశారు. భుజాల మీద పెట్టుకుని బజారంతా ఊరేగించారు. మా ఆయన కర్ర సామాన్ల గదిలో అప్పజెప్పి, తెల్లచొక్కా మడత పెట్టుకుని ఇంటికొచ్చాడు.

భోజనం దగ్గర చెంచా కింద పెట్టి, "అయిదు ఆడారు ఆర్లీన్," అన్నాడు.

"ఏంటి?"

"నాలుగే కదా ఇవ్వాలి. మనవాళ్ళు అయిదు ఆడారు. అది మూడోది సార్ అన్నాను ఆ రిఫరీతో. వెనక్కి తిప్పమని చెప్పేది నీక్కాదా అన్నాడు. తిప్పాను."

"ఇంకోసారి చెప్పలేకపోయావా?"

"ఒకసారి చెప్పొచ్చు. రెండోసారి చెబితే వాదన అవుతుంది. కర్ర మనిషి వాదించకూడదు." చెంచా మళ్ళీ అందుకుని, "ఎర్ల్ నా పక్కనే ఉన్నాడు. అంతా విన్నాడు," అన్నాడు. ఆ మాట అన్నాక ఆయన మొహం తేటపడింది, సాక్షి ఉన్నాడు కదా అన్నట్టు.

ఆదివారం పేపర్లో అయిదో ప్రయత్నం సంగతి రాసి, గ్లెన్ గాల్లో ఉన్న ఫొటో వేశారు. మేం కర్ర మీద అంకె చూసి నడిపించాం అని రిఫరీలు చెప్పారట. వెనక్కి తిప్పించిన సంగతి ఒక్కడూ చెప్పలేదు. ఫొటో కింద ఇంకో ముక్క కూడా రాశారు. ఆ కర్ర పట్టుకున్నది గెలిపించిన కుర్రాడి తండ్రేనట.

ఇక చూడండి. చర్చి మెట్ల మీద మా ఆయన చెయ్యి పట్టి ఊపనివాడు లేడు. పాస్టరుగారు కూడా గొంతు తగ్గించి, "ఒక్కోసారి దేవుడు కూడా లెక్క చూసీచూడనట్టు వదిలేస్తాడులే లోవెల్," అన్నాడు. వెర్లా ఆపిల్ ముక్కలు కూరి కాల్చిన తీపి రొట్టె తెచ్చింది. ఇంకెవరో గుమ్మడికాయది తెచ్చారు. ఎంగిలిచేత్తో కాకిని తోలని ఎర్ల్, జన్మలో నీ దగ్గర క్షవరానికి డబ్బు తీసుకోనని బజార్లో ప్రకటించాడు. మా ఆయన ఒక్కొక్కళ్ళకీ ఓపిగ్గా చెప్పాడు, "నేను మూడు పెట్టాను. రిఫరీ వెనక్కి తిప్పమన్నాడు." వాళ్ళు విన్నారు, తల ఊపారు, కన్నుకొట్టి వెళ్ళిపోయారు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఆయన నోరు తెరిచి కాదు కాదన్నది పూర్తి అంగీకారమైంది.

మధ్యాహ్నం గ్లెన్ భోజనానికి వచ్చాడు. చెంప మీద గీరుకుపోయిన గాయం, మొహం నిండా నవ్వు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. తండ్రి మాంసం కోస్తున్నాడు. వాడు కుర్చీ వెనక నిలబడి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. చిన్నప్పటి తర్వాత వాడు ఆయన్ని ముట్టుకోవడం నేను చూడలేదు.

"థాంక్స్ నాన్నా."

"ఎందుకు?"

"నువ్వు చేసినదానికి. ఎప్పటికీ మర్చిపోను."

ఆయన చేతిలో కత్తి ఆగింది. "నేనేమీ చెయ్యలేదు గ్లెన్. రిఫరీ తిప్పమన్నాడు."

"సరే నాన్నా," అని వాడు నవ్వాడు. "నువ్వేమీ చెయ్యలేదు."

నాకు ఒళ్ళు మండింది. "ఏరా, మీ నాన్న అలాంటి పని చేస్తాడనుకుంటున్నావా? గింజ తేడా వస్తే నిద్రపోడే, ఆ మనిషి?"

"తెలుసమ్మా, బయట అనకూడదని. ఎవరితోనూ అనను." వాడు నా నుదుటి మీద ముద్దుపెట్టుకుని ఆలుగడ్డల గిన్నె అందుకున్నాడు. మా ఆయన మాంసం ముక్కలు అందరికీ సమానంగా వేశాడు. తనకి వేసుకోవడం మర్చిపోయాడు.

మా ఊళ్ళో ప్రతి సోమవారం మధ్యాహ్నం మాజీ సైనికుల భవనంలో విందు. కోచ్ వచ్చి శనివారం ఆట ఫిల్ము వేస్తాడు, దుకాణాల వాళ్ళూ రైతులూ తింటూ చూస్తారు. చర్చి ఆడవాళ్ళం వండి వడ్డిస్తాం. ఆ రోజు కోడిమాంసం, నూడుల్సు. జనం గోడలకి ఆనుకుని నిలబడేంత మంది వచ్చారు. మామూలుగా అటు వెళ్ళని లోవెల్ కూడా కాటా మూసి వచ్చాడు. పొద్దున్నే అన్నాడు నాతో, "ఫిల్ములో అయిదూ కనపడతాయి కదా. చూశాక వాళ్ళకే తెలుస్తుంది."

పిచ్చి మనిషి. చూడక తెలీలేదనుకున్నాడు.

కర్టెన్లు వేశారు. ఫిల్ము ఆఖరి నిమిషానికి వచ్చేసరికి ఎవడో మొదలెట్టాడు, "ఒకటీ!" గ్లెన్ మళ్ళీ గుంపులోకి దూరాడు. "రెండూ!" ఈసారి పదిమంది. "మూడూ!" బల్లలు చరిచారు. "నాలుగూ!" తెర మీద యాష్‌బీ పిల్లల శిరస్త్రాణాలు ఎగురుతున్నాయి. ఆపైన హాలంతా ఒక్క గొంతై, "అయిదూ!" అంది. నవ్వులు, ఈలలు. "లోవెల్! లోవెల్!" అని కాళ్ళతో నేల మోగించారు. కోచ్ బ్రాండిస్ కూడా నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకున్నాడు.

లైట్లు వేశారు. మా ఆయన లేచి నిలబడ్డాడు. జనంలో మాట్లాడటం ఆయనకి చేతకాదు. టోపీ రెండు చేతుల్తో పట్టుకున్నాడు.

"మీరంతా లెక్కపెట్టారు కదా. అయిదు ఉన్నాయి," అన్నాడు. "నేను మూడు పెడితే రిఫరీ వెనక్కి తిప్పించాడు. నేను కావాలని చెయ్యలేదు. ఎవరు చేసినా, ఆ ఆట మనది కాదు. యాష్‌బీ వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఎర్ల్ నా పక్కనే ఉన్నాడు, విన్నాడు. అడగండి."

అందరూ ఎర్ల్ వైపు తిరిగారు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. చెప్పు ఎర్ల్, ఒక్క మాట చెప్పు అనుకున్నాను.

ఎర్ల్ రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. "లోవెల్ చెప్పిందే నిజం," అన్నాడు. "నా రెండు చెవులతో విన్నాను."

అని ఎడమకన్ను కొట్టాడు.

పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఎవడో మా ఆయన వీపు చరిచి, "మొహంలో ఒక్క గీత కదలదయ్యా, నువ్వు పేకాట ఆడాలి," అన్నాడు. కోచ్ వచ్చి చెవిలో, "ఇంక చాల్లే లోవెల్. పిల్లల కష్టం ఉంది అందులో," అన్నాడు. ఆ మాటలో నవ్వు లేదు.

బయట ఎర్ల్ కోటు పట్టుకుని ఆపాను. "కన్నెందుకు కొట్టావ్?"

అతను అటూ ఇటూ చూశాడు. "ఆర్లీన్, నిజం చెబితే పిల్లల టైటిల్ పోతుంది. అబద్ధం చెబితే నేను నరకానికి పోతాను. అందుకే నిజం చెప్పి కన్నుకొట్టాను. ఇందులో నా తప్పేముంది?"

"నీ తప్పేమీ లేదు. నీ ఒంట్లో వెన్నెముక ఉందేమో ఒకసారి డాక్టరుకి చూపించుకో," అన్నాను. ఆ తర్వాత అతని దుకాణం ఉన్న వైపు నేను నడవలేదు.

యాష్‌బీ వాళ్ళు మర్యాదగానే అడిగారట, ఆట తిరిగి ఇచ్చెయ్యమని. మా కాలేజీ అధ్యక్షుడు, రిఫరీల నిర్ణయమే చివరి మాట, కర్ర మనిషి పొరపాటుకి మా విద్యార్థుల్ని శిక్షించలేం అన్నాడు. కాలేజీవాళ్ళకేమో మా ఆయన పొరపాటు, ఊరికేమో మా ఆయన తెలివి. ఆయన చేసింది మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఆ వారం నేను భోజనం డబ్బా పట్టుకుని కాటా దగ్గరికి వెళ్ళాను. డ్వెయిన్ అనే కుర్ర రైతు లారీ దిగి కిటికీ దగ్గరికి వచ్చాడు. మెడ సాచి ముల్లు చూశాడు.

"ఏం డ్వెయిన్?" అన్నాడు లోవెల్.

"ఏం లేదు. కాళ్ళు పట్టేశాయి, దిగాను." అని నవ్వాడు. "మాకు కూడా ఒకటి ఎక్కువెయ్యి లోవెల్, మీవాడికి వేసినట్టు."

వాడి వెనక లారీవాడూ దిగాడు. వాడికీ కాళ్ళు పట్టేశాయి. ఆదివారం నెత్తిన పెట్టుకున్నవాళ్ళే మంగళవారం భుజం మీంచి తొంగి చూశారు. దొంగ మనవాడైతే సంతోషమే, కాటా మీద మాత్రం వాడు కూర్చోకూడదు. నాకు ఆ డబ్బా వాళ్ళ నెత్తిన గిరాటెయ్యాలనిపించింది.

మా ఆయన కుర్చీ కొంచెం పక్కకి జరిపి, ముల్లు బయటివాళ్ళకి బాగా కనపడేలా చేశాడు.

"మానెయ్ లోవెల్," అన్నాను. "వీళ్ళకి చాకిరీ ఎందుకు?"

"ఎందుకు మానాలి? నా తూకం సరిగ్గానే ఉంది." అని తరవాతి లారీని రమ్మన్నాడు.

మిగిలిన ఆట వేరే ఊళ్ళో జరిగింది. మా జట్టు సునాయాసంగా గెలిచింది. ఫైరింజను మీద ఊరేగింపు, కిటికీలకి తోరణాలు. నేను వాకిట్లో నిలబడి గ్లెన్ కోసం చెయ్యి ఊపాను. తల్లిని కదా, ఊపకుండా ఎలా ఉంటాను? లోవెల్ కూడా పక్కనే నిలబడ్డాడు. ఎవరు అరిచి పిలిచినా తల వంచుకున్నాడు.

డిసెంబరు మొదట్లో కాలేజీ వ్యాయామశాలలో విందు పెట్టారు. ఆటగాళ్ళందరికీ ఉంగరాలు, ముందు వరసలో తల్లిదండ్రులు. మా ఆయన రానన్నాడు. "వాడి రోజు అది. నీ రోజు కాదు," అని నేనే టై కట్టి తీసుకెళ్ళాను. ఉంగరాలు అయ్యాక కోచ్ బ్రాండిస్ మైకు ముందుకి వచ్చి, "ఇంకొకటి మిగిలింది," అన్నాడు. గ్లెన్ తెర వెనకనుంచి పొడవాటి కర్ర తెచ్చాడు. కాలేజీ రంగులు వేసి, నున్నగా పాలిష్ పట్టిన కర్ర. దాని కొసన ఇత్తడి అంకె. అయిదు.

జనం లేచి నిలబడ్డారు. లోవెల్‌ని వేదిక మీదికి తోశారు. గ్లెన్ మైకు పట్టుకున్నాడు. వాడికీ మాట్లాడటం రాదు.

"నాలుగేళ్ళు మా నాన్న నాకు పదడుగుల దూరంలో నిలబడ్డాడు," అన్నాడు. "ఒక్కసారి చప్పట్లు కొట్టలేదు. ఒక్కసారి పేరు పెట్టి పిలవలేదు. నేను బాగా ఆడిన రోజూ అంతే, చెత్తగా ఆడిన రోజూ అంతే. అసలు నన్ను చూస్తున్నాడా లేదా అనుకునేవాణ్ణి." తండ్రి వైపు తిరిగాడు. "ఆ రోజు తెలిసింది."

నా చుట్టూ ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఆ నాలుగేళ్ళూ వాడు ఏం మోశాడో నాకు అప్పుడు అర్థమైంది, వాడి మీద కోపమంతా పోయి మా ఆయన మీద కోపం వచ్చింది. వెంటనే అదీ పోయింది. ఎవరి మీద కోప్పడాలో తెలీకుండా ఉత్తిచేతుల్తో కూర్చున్నాను.

గ్లెన్ కర్ర అందించాడు. లోవెల్ అందుకున్నాడు. నోరు తెరిచాడు. ఏమంటాడో నాకు తెలుసు. నేను మూడు పెట్టాను, రిఫరీ వెనక్కి తిప్పమన్నాడు. చర్చిలో చెప్పాడు, విందులో చెప్పాడు, ఇంట్లో చెప్పాడు. ఇక్కడా చెబుతాడు.

గ్లెన్ మైకు పక్కకి తిప్పి ఆయన దగ్గరికి వంగాడు. ముందు వరసలో ఉన్నాను కాబట్టి నాకు వినిపించింది.

"ఒక్కసారి చెప్పు నాన్నా. నా కోసమే కదా?"

లోవెల్ వాడి మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. అంతసేపు వాణ్ణి ఎప్పుడైనా అలా చూశాడో లేదో, నాకు గుర్తులేదు.

"అవును," అన్నాడు. "నీ కోసమే."

వాడు తండ్రిని కావలించుకున్నాడు. హాలంతా హోరెత్తిపోయింది. ఎర్ల్ అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

మర్నాడు పొద్దున్న లేచేసరికి లోవెల్ బల్ల దగ్గర కాఫీ తాగుతున్నాడు. గోదాము తాళాలు ముందు పెట్టుకున్నాడు. వాటిని మేనేజరుకి ఇచ్చేసి వస్తానన్నాడు. కాటాకి ఇంకొకళ్ళని చూసుకోమని చెబుతాడట.

"ఇప్పుడా?" అన్నాను. "లారీలు దిగి నీ నెత్తి మీంచి తొంగి చూస్తుంటే కదల్లేదు. ఊరంతా దొంగ అంటుంటే కుర్చీ వదల్లేదు. నేను మానెయ్యమంటే వినలేదు. ఇప్పుడేమొచ్చింది?"

ఆయన కప్పు కడిగి బోర్లించాడు. టోపీ పెట్టుకున్నాడు.

"అప్పుడు నేను అబద్ధం ఆడలేదుగా," అన్నాడు.